పాత కొలతలే

తాటిపాక సెంటర్లో బస్సు దిగి రాజోలు వైపు నాలుగడుగులు వేస్తే మందుల షాపు పక్కన మెట్లు కనబడతాయి. మెట్ల మొదట్లో ఓ మట్టికుండ, దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. గ్యాసు లారీలు లేపే దుమ్ములో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆ నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ బోర్లించి పోతారు. రోజూ పొద్దున్నే ఆ కుండ నింపేది లోవరాజు మాస్టారు. నింపమని ఆయనకెవరూ చెప్పలేదు. మేడ మీద శారోన్ లేడీస్ టైలర్స్‌లో ఆయన కటింగ్ మాస్టారు. ఆ షాపు పుష్పలతది.

ఇవాళ ఆ షాపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరసగా మిషన్లు ఆడుతూనే ఉంటాయి. మస్కట్‌లో, దోహాలో, కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మన పక్క ఆడవాళ్ళు ఫోనులో ఆర్డరు పెడితే, ఇక్కడ జాకెట్టు తయారై విమానం ఎక్కుతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో, కొత్త పద్ధతి పెట్టి బాగుపడ్డవాళ్ళు ఎవరండీ అని అడిగితే ముందు పుష్పలత పేరే చెబుతారు. ఆ మాట తన ఎదురుగా అన్నప్పుడల్లా ఆవిడ తల వంచుకుంటుంది. వినయం అనుకుంటారు చాలామంది. వినయం కాదది.

పుష్పలత, చిట్టి ఒక వీధి పిల్లలు. పుష్పలత వాళ్ళది చర్చి వెనక పెంకుటిల్లు, చిట్టి వాళ్ళది కాలవగట్టు మీద తాటాకిల్లు. చర్చి ఆవరణలో పాస్టరమ్మగారు కుట్టు క్లాసు పెడితే ఇద్దరూ చేరారు. చిట్టిని తీసుకొచ్చిన వాళ్ళమ్మ మంగాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, “మేం రాములోరి గుడికెళ్ళేవాళ్ళవండీ, మా పిల్లని రానిత్తారాండీ?” అని అడిగింది. “సూదిది ఏ గుడో నాకూ తెలీదమ్మా. పిల్లని ముందు లోపలికి పంపు, ఎండగా ఉంది” అన్నారు పాస్టరమ్మగారు.

చిట్టికి కుట్టు రాలేదు. ఆ పిల్ల వేసిన కుట్టు గట్టు మీద మేక నడిచినట్టుండేది. “ఒసే పుష్పా, నువ్వు కుట్టు, నేను కాజాలు తీత్తాను” అనేది. కాజాలూ వచ్చేవి కావు. కానీ ఆ పిల్ల ఉంటే క్లాసంతా నవ్వుతూ పనిచేసేది. ఎవరికైనా వేలికి సూది గుచ్చుకుంటే అందరికన్నా ముందు లేచి నీళ్ళు తెచ్చేదీ తనే.

పెళ్ళిళ్ళయ్యాయి. పుష్పలత మొగుడు కరెంటు పనిచేసే నెమ్మదస్తుడు. ఆయన కొనిచ్చిన కాలిమిషనుతోనే ఆవిడ ఇంటి అరుగు మీద పని మొదలుపెట్టింది. చిట్టి పెళ్ళి నిలవలేదు. మొగుడు ఎటో వెళ్ళిపోయాడు, పిల్లలు లేరు. తల్లిని శ్లాబు కింద పడుకోబెట్టాలన్న ఒక్క కోరికతో చిట్టి మస్కట్‌లో ఓ ఇంట్లో పనికి కుదిరింది. రెండేళ్ళకోసారి సెలవు. ఊళ్ళో దిగగానే ముందు అమ్మ దగ్గరికి, ఆనక పుష్పలత దగ్గరికి. వచ్చేటప్పుడు తన ఆది తెచ్చేది.

ఆది అంటే ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే, ఒంటికి సరిగ్గా పట్టే పాతది ఒకటి టైలరుకి ఇస్తారు. దాన్ని చూసుకుని కొత్తది కోస్తారు. అదే ఆది.

అయితే పుష్పలతకి ఆది అంటే కొలత ఒక్కటే కాదు. చేతిలోకి తీసుకుని తిరగేస్తే మనిషి కబురు తెలిసిపోయేది. పక్కన కుట్టు విప్పుకున్న గుర్తుంటే ఒళ్ళొచ్చిందన్నమాట. లోపల చేత్తో ఇంకో వరస వేసుకుని ఉంటే చిక్కిందన్నమాట. పోస్టాఫీసులో పనిచేసే భవానీదేవిగారు ఓసారి ఆది ఇచ్చి వెళ్ళబోతుంటే, పుష్పలత మెట్ల దాకా వెంట వెళ్ళి, “ఏవీ అనుకోకండి, ఈ మధ్య ఒంట్లో బాగుంటందాండీ? కుట్టు మీద కుట్టేసుకున్నారు” అని అడిగింది. ఆవిడ అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోని నీరసం ఆ మెట్ల మీద చెప్పుకుంది. పుష్పలతే తోడు వెళ్ళి అమలాపురంలో చూపించింది. గొంతు దగ్గర గ్రంథి జబ్బు, మందులతో సర్దుకుంది. అలాంటివి ఎన్నో. దేవుడు మనిషిని చూడడానికి ఒక్కొక్కరికి ఒక్కో కిటికీ ఇస్తాడు. పుష్పలతకి ఆ కిటికీ పాత జాకెట్టు లోపలి కుట్లలో ఇచ్చాడు.

పని పెరిగి, షాపు సెంటర్లో మేడ మీదికి వచ్చాక తిప్పలు కూడా పెరిగాయి. బీరువా నిండా ఆదులే. పేర్లు రాసిన గుడ్డముక్కలు ఊడిపోయేవి. ఓ ఈస్టరుకి పాస్టరుగారి కోడలి ఆదితో చేపల మంగ జాకెట్టు, మంగ ఆదితో కోడలిగారి జాకెట్టు కోసేశారు. కోడలిగారు చెయ్యి దూర్చలేక, మంగ రెండు చేతులూ ఒకే చేతిలో దూర్చి చూపిస్తూ ఒకేసారి మెట్లెక్కారు. మంగ నవ్వింది కాబట్టి గొడవ కాలేదు.

ఆ ఏడు సెలవుకొచ్చిన చిట్టి బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని చెప్పింది. “అక్కడ మన ఆడాళ్ళు బోల్డుమందున్నారే పుష్పా. జాకెట్టు కావాలంటే ఎవరో ఊరెళ్తా ఆది అట్టుకెళ్ళాలి, ఇంకెవరో వత్తా జాకెట్టు తేవాలి. ఈలోగా పండగ కాస్తా ఎల్లిపోద్ది. కంప్యూటర్లో ఏదో ఉంటదంట కదే, కొలత చెప్తే కుట్టేసేది?”

పుష్పలత కూతురు శారోన్ అప్పటికి అమలాపురంలో కంప్యూటరు చదువు పూర్తిచేసి షాపులో కూర్చుంటోంది. “కుట్టదు పిన్నీ. కొలతలు కొడితే కటింగ్ కాగితం మీద అచ్చవుతుంది. దాన్ని గుడ్డ మీద పరిచి కోసుకోవడమే.”

“అదే అదే. నా కూతురు చెప్తే ఇంకేటి? పెట్టెయ్యండే.”

పెట్టడం అంత సుళువు కాలేదు. కంప్యూటరు, ప్రింటరు దిగిన రోజునే లోవరాజు మాస్టారు మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టారు.

“అమ్మగారండీ, నేను మానేత్తానండీ.”

“అదేంటి మాస్టారూ!”

“కాగితమే కటింగిచ్చేత్తే నా కత్తెరెందుకండీ? తాయెత్తు లాగ జబ్బకి కట్టుకోనా?”

మిషన్ల మీద ఉన్న ఆడపిల్లలు నవ్వబోయి ఆయన మొహం చూసి మానేశారు. పుష్పలత ఆయనకి మజ్జిగ తెప్పించింది. ఆయన తాగాక అంది, “ఓ పని చేద్దాం మాస్టారూ. మీ కటింగు మీరు కొయ్యండి. కాగితం దాని కటింగు అది ఇస్తది. రెండూ ఒకదాని మీద ఒకటి పరుద్దాం. తేడా వచ్చిన చోట మీదే రైటు. కాగితాన్నే దిద్దుదాం.”

“దిద్దితే దిద్దించుకుంటదాండీ అది?”

“దిద్దించుకోకపోతే దాన్నే మాన్పించేద్దాం.”

అలా మొదలైంది. కొన్ని నెలలు ప్రతి జాకెట్టూ రెండుసార్లు. ఆయన కోసింది ఓ పక్క, కాగితం చెప్పింది ఓ పక్క. “మన పక్క ఆడాళ్ళు చిన్నప్పట్నుంచీ వంగి నాట్లేసినోళ్ళండి. భుజం కాసింత ముందుకొత్తది. దీనికా సంగతి తెలీదు” అని మాస్టారు వేలితో చూపిస్తే శారోన్ కంప్యూటర్లో దిద్దేది. చంక దగ్గర దిద్దింది, మెడ వెనక దిద్దింది. దిద్దగా దిద్దగా ఓ రోజు కాగితమూ గుడ్డా ఒక్క అంచున కలిసి పడుకున్నాయి. మాస్టారు రెండూ ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. ఆ రోజు నుంచి కొత్తవాళ్ళెవరొచ్చినా ఆయనే ఎదురెళ్ళి, “ఇది నా కటింగేనండి. మిషన్లో పెట్టేరు” అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఎవరి పనీ పోలేదు. కటింగు త్వరగా అవుతుంటే కుట్టే చేతులు చాల్లేదు. సఖినేటిపల్లి నుంచి, మలికిపురం నుంచి ఆడవాళ్ళు పనికొచ్చారు. మస్కట్‌లో చిట్టే ఓ చిన్న ఆఫీసు. సెలవుపూట అందరినీ కూడేసి, కొలతలు తీసి పంపేది. ఆ మనిషికి కుట్టు రాకపోయినా టేపు పట్టడం మాత్రం పుష్పలతే నేర్పింది.

ఓ రోజు చిట్టి ఫోను చేసి శారోన్‌తో అంది, “పాపా, ప్రతిసారీ టేపు పెట్టుకోమంటే కుదరట్లేదే. ఈ మేడమ్‌లు పిలుత్తానే ఉంటారు. ఓసారిచ్చిన కొలతే మళ్ళీ వాడుకునేలాగ ఓ బొత్తాం పెట్టు.”

ఫోనులో ఆర్డర్లు పెట్టే షాపు పేజీలో శారోన్ ఆ బొత్తాం పెట్టింది. దాని మీద ఏం రాయాలని ఆలోచించి, అందరికీ అర్థమయ్యేలా ‘పాత కొలతలే’ అని రాసింది. ఆ ఒక్క బొత్తాంతో ఆర్డర్లు వరదలా వచ్చాయి. రంగు నచ్చిందా, మెడ ఏ తీరో చెప్పారా, పాత కొలతలే అని నొక్కారా, అంతే. మంచాన పడుకుని కూడా జాకెట్టు కుట్టించుకోవచ్చు.

బీరువాలో ఆదులన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశారు. చిట్టిది మంగాయమ్మకి ఇచ్చారు. పెద్దావిడ దాన్ని మడతపెట్టుకుని, “ఇంక దీంతో పన్లేదామ్మా?” అని అడిగింది. “లేదు పిన్నిగారూ, మీ అమ్మాయి మొత్తం కంప్యూటర్లో ఉంది” అంది పుష్పలత. ఆ మాటకి షాపులో అందరూ నవ్వారు. మంగాయమ్మ కూడా నవ్వింది.

అయితే చిట్టి మాత్రం ఆ తర్వాత సెలవుకి రాలేదు. మేడమ్ పంపట్లేదంది. వీడియోలో కనబడవే అంటే ఈ ఇంట్లో ఒప్పుకోరే అంది. గొంతు మాత్రం మామూలే. అవే వేళాకోళాలు. “మీ కంప్యూటరుకి పెళ్ళి సంబంధం చూడమంటావా పుష్పా, ఇక్కడో ఫ్రిజ్జు ఖాళీగా ఉంది” అనేది. పుష్పలత పని చేసుకుంటూనే నవ్వి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, “సర్లేవే, మళ్ళీ మాట్లాడతాను, పార్సిలోళ్ళొచ్చేరు” అని పెట్టేసేది. పార్సిలోళ్ళు రోజూ వచ్చేవారు.

పోయిన క్రిస్మస్‌కి మస్కట్ నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. అక్కడి తెలుగు ఆరాధనలో పాటలు పాడే ఆడవాళ్ళందరికీ ఒకే రంగు జాకెట్లు. చర్చికి వెళ్ళని చిట్టి కూడా వాళ్ళతో సరదాకి ఒకటి చేయించుకుంది. పాత కొలతలే. పండగయ్యాక ఫోటో వచ్చింది. ముదురు ఎరుపు జాకెట్లు, తెల్ల చీరలు. షాపు పేజీలో పెట్టడానికి శారోన్ దాన్ని పెద్దది చేసి చూసింది.

“అమ్మా, అందరికీ ఎంత బాగా కుదిరాయో చూడు. చివర్లో చిట్టి పిన్నికే... భుజం జారిపోయింది. పక్కన పిన్నీసులు కూడా కనబడుతున్నాయి.”

పుష్పలత కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నిజమే. జాకెట్టు చిట్టి మీద గాలి తగ్గిన బెలూన్‌లా ఉంది. చిట్టి పైట భుజం మీదికి లాక్కోబోతూ నవ్వుతోంది. పుష్పలత కంగారుగా కంప్యూటరు దగ్గరికెళ్ళి చిట్టి కొలతలు తీయించింది. మాస్టారిని పిలిచి, కాగితం పరిపించి, టేపు పెట్టించింది. అంతా సరిగ్గా ఉంది. ఎక్కడా గీటు కూడా తేడా లేదు.

“మన తప్పేం లేదండి” అన్నారు మాస్టారు.

“హమ్మయ్య” అంది పుష్పలత.

ఆ హమ్మయ్య దగ్గరే ఆవిడ ఆలోచన ఆగిపోయింది. షాపు తప్పు కాదు, మిషను తప్పు కాదు. మరి తేడా ఎక్కడున్నట్టు? ఆ ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చి, కింద పార్సిలోళ్ళ కేక వినబడి వెనక్కి పోయింది.

“మరి ఫోటో ఏం చేయను? పిన్నిది చూస్తే ఫిట్టింగు బాలేదనుకుంటారు” అంది శారోన్.

“చివర్లోనే కదా ఉంది. ఆ చివర కోసెయ్” అంది పుష్పలత.

శారోన్ కోసేసింది. మిగతా ఫోటోకి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు అంతకు ముందెన్నడూ రాలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో పుష్పలత లేచి సాక్ష్యం చెప్పింది. అరుగు మీద కాలిమిషనుతో మొదలైన తనని దేవుడు ఎంత దూరం తీసుకొచ్చాడో చెప్పి, ఎవరికీ అన్యాయం జరగకుండా ఈ కొత్త పద్ధతి నిలబడినందుకు ఆయనకి వందనాలు చెప్పుకుంది. చర్చిలో ఆడవాళ్ళంతా ఆమేన్ అన్నారు. ఆవిడ మనస్ఫూర్తిగానే చెప్పింది. అబద్ధం చెప్పాలనుకుని చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఓ పొద్దున్న మంగాయమ్మ షాపు మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని ఎక్కింది. లోవరాజు మాస్టారు ఎదురెళ్ళి చెయ్యందించి, స్టూలు తుడిచి వేశారు. ఆవిడ కూర్చోలేదు. “అమ్మాయొచ్చిందే పుష్పా. రాత్రే దిగింది. నువ్వోపాలి రావే” అంది.

కాలవగట్టు మీద ఇప్పుడు తాటాకిల్లు లేదు, శ్లాబిల్లు. సున్నం కొత్తగా ఉంది. వెలుగులోంచి లోపలికెళ్ళిన పుష్పలతకి మంచం మీద ఎవరో పిల్ల పడుకున్నట్టు కనబడింది. ఇరుగింటి పిల్లనుకుని, “చిట్టేదమ్మా?” అని అడిగింది.

“నేనేనే” అంది మంచం మీంచి చిట్టి గొంతు. గొంతు ఒక్కటే చిట్టిది. “ఏవే, పోల్చుకోలేకపోయావా? సినిమాలో ఏసాలకి పనికొచ్చేలా అయ్యేను కదా.”

పుష్పలత మంచం పట్టి మీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. ఎన్ని వందలమంది చేతి కొలత చూసిందో ఆవిడ వేళ్ళకి తెలుసు. ఆ వేళ్ళు ఆ మణికట్టు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి దాటిపోయాయి. పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

“ఎప్పట్నుంచే?”

“తెలీదే. షుగరంట. అక్కడ చెప్తే టికెట్టిచ్చి పంపేత్తారు. శ్లాబు పన్లవుతన్నాయి, సున్నం మిగిలింది. సున్నం అయ్యాక వద్దావనుకున్నాను.” నవ్వింది. “సున్నం బాగుంది కదే?”

“బాగుంది” అంది పుష్పలత.

అమలాపురం తీసుకెళ్ళారు. రక్తం, మూత్రం, పొట్ట స్కానింగు. డాక్టరమ్మగారు చిన్నావిడ, నెమ్మదిగా మాట్లాడింది. చిట్టిని బయట బల్ల మీద కూర్చోబెట్టి పుష్పలతని లోపలికి పిలిచింది. మూత్రపిండాలు రెండూ బాగా చెడిపోయాయని, ఇంక వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సిందేనని చెప్పింది. చివర్లో, “మీరేమవుతారండీ?” అని అడిగింది.

“చెల్లెలు లాంటిదండి.”

“పోయిన క్రిస్మస్ ప్రాంతంలో తీసుకొచ్చి ఉంటే మందులతో చాలాకాలం నెట్టుకొచ్చేవాళ్ళమండీ. మనిషి ఇంత తగ్గిపోతుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?”

ఆ డాక్టరమ్మగారు నేరం మోపాలని అనలేదు. అలవాటుగా అడిగిన మాట. పుష్పలత లేచి నిలబడి, “చూసేమండి” అంది. డాక్టరమ్మగారికి అర్థం కాలేదు. అప్పటికే ఇంకో రోగి లోపలికి వచ్చింది.

ఆ ఆదివారం పుష్పలత చర్చిలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉంది, కానీ ప్రార్థన రాలేదు. క్షమించమని అడగబోతే ముందు ఎవర్ని అడగాలో తెలియలేదు. లేచి, మధ్యాహ్నం భోజనం క్యారేజీలో పెట్టుకుని కాలవగట్టు మీదికి నడిచింది. ఉప్పు తగ్గించి వండిన కూర. చిట్టి ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

“ఇదేం కూరే, కాలవ నీళ్ళల్లో వండేవా?”

“ఉప్పు తినకూడదన్నారు కదే.”

“బతకొచ్చన్నారా మరి?”

మంగాయమ్మ పెరట్లోకి వెళ్ళేదాకా పుష్పలత ఆగింది. ఆగి, “చిట్టీ, నీకో సంగతి చెప్పాలే. మొన్న క్రిస్మస్ ఫోటో...” అని మొదలుపెట్టింది.

చిట్టే అందుకుంది. “నన్ను కోసేశారు. చూసేను.”

పుష్పలత తలెత్తింది.

“అక్కడ అందరం మీ పేజీ చూత్తామే. పోటీలు పడి చూత్తాం. ఆ సావిత్రి లేదూ, పాటలు పాడేది, ‘ఏటే చిట్టీ, మీ ఫ్రెండు నిన్నే తీసేసిందేటే’ అని ఏడిపించింది. నాకు బాధనిపించలేదే. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఫోటో ఎవరన్నా అమ్మకి చూపిత్తే ఇంకేవన్నా ఉందా?”

“అలాగనకే.”

“నిజమే చెప్తన్నాను. ఆ బొత్తాం పెట్టమన్నది కూడా అందుకే. అప్పటికే చిక్కిపోతన్నాను. టేపు పెట్టి నెంబరు పంపితే నీకు తెలిసిపోద్ది. ఆది పంపితే ఇంకా తెలిసిపోద్ది, నువ్వు మహా రాకాసివి, కుట్టు చూసి జాతకం చెప్పేత్తావు. పాత కొలతలే అంటే ఇంక నువ్వడగవు.” చిట్టి క్యారేజీ గిన్నె పక్కకి జరిపింది. “అడుగుతావేమోనని ఫోనెత్తినప్పుడల్లా భయపడేదాన్ని. తర్వాత్తర్వాత...” ఆగింది.

“తర్వాత?”

“అడిగితే బాగుండునని కూడా అనిపించేదిలే.”

చెప్పి, అటు తిరిగి పడుకుంది. ఏడవలేదు. పుష్పలతే ఏడ్చింది, పైట నోట్లో కుక్కుకుని, పెరట్లో మంగాయమ్మకి వినబడకుండా.

మర్నాడు షాపుకెళ్ళి శారోన్‌తో, “ఆ బొత్తాం తీసెయ్యవే” అంది.

శారోన్ కూడా చిట్టి పిన్ని ఎత్తుకుని పెంచిన పిల్లే. “తీసేస్తే ఆర్డర్లు పెట్టడం మానేస్తారమ్మా. టేపు పెట్టుకునే తీరిక వాళ్ళకి నిజంగానే ఉండదు. అయినా, కొలత చూసి మనం ఏం చేస్తాం? తగ్గిందని కంప్యూటరుకి తెలుస్తుంది. అడగడం మాత్రం దానికి రాదు కదా.”

“అడగాల్సింది నేను” అంది పుష్పలత.

బొత్తాం ఉంచారు. కానీ దాన్ని నొక్కిన ప్రతి మనిషికీ, గుడ్డ కోసే ముందు పుష్పలత ఫోను చేస్తుంది. శారోన్ చెప్పినట్టు కొంతమందికి అది నచ్చలేదు. “పాతవే అని నొక్కేను కదండీ, మళ్ళీ ఫోనెందుకండీ?” అని విసుక్కుంటారు. కొందరు ఆర్డర్లు మానేశారు. “ఆయ్, పాతవేనని తెలుసండి. ఊరికే, ఒంట్లో ఎలాగుందోనని” అంటుంది ఆవిడ. చాలామంది బాగానే ఉన్నామంటారు. దోహాలో ఉన్న ఓ పిల్ల మాత్రం ఆ మాట వినగానే ఎంతోసేపు ఏమీ మాట్లాడలేదు. పుష్పలత ఫోను పెట్టలేదు. కింద పార్సిలోళ్ళు కేకేస్తే మాస్టారు వెళ్ళి, “ఆవిడ మాట్లాడతన్నారండి, కూసోండి, మంచినీళ్ళు తాగండి” అని వాళ్ళని కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళో ఉంది, వైద్యం చేయించుకుంటోంది, కోలుకుంటుంది. వాళ్ళమ్మ మెట్లెక్కి వచ్చి పుష్పలత చేతులు కళ్ళకద్దుకుంటే, ఆవిడ ఆ చేతులు గబుక్కున వెనక్కి లాక్కుంది.

అయినా వ్యాపారం తగ్గలేదు, నిరుటికన్నా పెరిగింది. మొన్నామధ్య అమలాపురంలో మహిళా సంఘాలవాళ్ళు సభ పెట్టి, కొత్త పద్ధతులు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పమని పుష్పలతని పిలిచారు. మాస్టారి కటింగు మీద కాగితం పరిచి దిద్దిన సంగతి చెప్పింది. ఎవరి పనీ పోకుండా చూసుకోవాలని చెప్పింది. చప్పట్లు కొట్టారు. కొట్టడం ఆగాక ఇంకేదో చెప్పాలని మైకు దగ్గరే నిలబడింది. వెనక కుర్చీలో పెద్దావిడ, “అయిపోయిందా అమ్మా?” అని మర్యాదగా అడిగితే, “ఆయ్” అని దిగి వచ్చేసింది.

వారానికి రెండు పూటలు ఆవిడ షాపులో ఉండదు. చిట్టిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, మిషను మీద ఉన్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఆస్పత్రి ఆయా పేరు తెలుసుకుంది, పక్క మంచాల వాళ్ళ ఊళ్ళు తెలుసుకుంది. ఆటో తోలే వీరవెంకటరమణ ఆ రెండు రోజులూ వేరే బేరం ఒప్పుకోడు, వెనక సీటు మీద దుప్పటి మడతపెట్టి ఉంచుతాడు.

తిరుగు ప్రయాణంలో చిట్టికి మాట ఓపిక ఉండదు. కళ్ళు మూసుకుని పుష్పలత భుజం మీదికి ఒరిగిపోతుంది. మొన్న మంగళవారం కూడా అలాగే ఒరిగింది. కాలవ మీద ఎండ పడుతోంది, కొబ్బరి బొండాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి ముందు పోతోంది. పుష్పలత కాసేపటికి పక్కకి తిరిగి చూసుకుంది, ఒరిగి ఉందో లేదోనని. ఉంది. భుజానికి బరువే తెలియడం లేదు.

“ఏం బాబూ,” అంది ముందుకి వంగకుండా, కదిలితే లేస్తుందేమోనని గొంతు తగ్గించి, “గోతులున్నచోట కొంచెం మెల్లగా పోనీ.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు అతను, అప్పటికే మెల్లగా పోనిస్తూ.